‘ది వైట్ క్రో’ సినిమా, నురేయెవ్ నిజ జీవితం: మీ మూడు ప్రశ్నలకు నా జవాబు

మీరు మూడు అడిగారు. ‘ది వైట్ క్రో’లో ఎయిర్‌పోర్ట్ సీన్ నిజంగా అలాగే జరిగిందా? అన్నం పెట్టి, విద్య నేర్పిన దేశాన్ని వదిలేసి పోవడం స్వార్థం కాదా? అంత పొగరుగా ప్రవర్తించే మనిషిని మనం ఎందుకు ఇష్టపడాలి? బాలే గురించి ఓనమాలు కూడా తెలియవని చివర్లో రాశారు.

నేను ముప్పై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. బాలే నా విద్య కాదు. కానీ నాట్యం చేసే శరీరం ఎక్కడైనా శరీరమే కాబట్టి, ఆసక్తి కొద్దీ చాలా కాలంగా చూస్తున్నాను, చదువుతున్నాను. ఈ సినిమా నాలుగుసార్లు చూశాను. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు దొరికితే మిగతా రెండూ తేలిగ్గా విడిపోతాయి.

ముందు రెండు ముక్కలు, ఇంకా చూడనివాళ్ల కోసం. ఇది 2018లో వచ్చిన సినిమా. రుడాల్ఫ్ నురేయెవ్ అనే సోవియట్ నర్తకుడు 1961లో పారిస్‌లో తన బృందాన్ని వదిలి ఫ్రాన్స్‌లో ఉండిపోవడం దాకా కథ. దర్శకుడు రేఫ్ ఫైన్స్, అంటే ‘హ్యారీ పోటర్’లో వోల్డెమార్ట్ వేసిన నటుడు. స్క్రిప్ట్ డేవిడ్ హేర్ రాశారు. జూలీ కవనా రాసిన నురేయెవ్ జీవిత చరిత్ర దానికి ఆధారం. ‘తెల్ల కాకి’ అనేది రష్యన్లు గుంపులో ఇమడని మనిషిని గురించి వాడే మాట. నురేయెవ్‌గా వేసిన ఒలెగ్ ఇవెంకో అంతకుముందు సినిమా నటుడు కాదు. కజాన్‌లోని బాలే బృందంలో నర్తకుడు.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గరికి పిల్లల్ని ఆరేడేళ్లకు తీసుకొస్తారు. ఆ వయసులో అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, కూర్చోబెడితే మోకాళ్లు పక్కలకు వాటంతటవే తెరుచుకుంటాయి. పద్దెనిమిదేళ్లకు వచ్చినవాళ్లకు అదే పని నరకం. ఒక అమ్మాయి ఆ వయసులో నా దగ్గర చేరింది. ఎంత పట్టుదలో చెప్పలేను. రెండేళ్లు తెల్లవారుజామునే లేచి సాధన చేసింది. అడవులన్నీ (నాట్యంలోని మూల అడుగులు) వచ్చాయి, తాళం తప్పదు, అభినయం కళ్లు చెమ్మగిల్లేలా చేస్తుంది. అరమండి మాత్రం సగంలోనే ఆగిపోయింది. అప్పటికే తుంటి ఎముకలు గట్టిపడిపోయాయి, ఇక అవి మన మాట వినవు.

బాలేలో ఇది ఇంకా కఠినం. కాళ్లను తుంటి దగ్గర్నుంచే బయటికి తిప్పాలి, రెండు పాదాలూ దాదాపు ఒకే గీత మీద చెరో వైపు చూడాలి. దాన్ని టర్నౌట్ అంటారు. ఆ భంగిమలోనే దూకాలి, తిరగాలి, దిగాలి. అందుకే లెనిన్‌గ్రాడ్‌లోని (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వాగనోవా బాలే స్కూల్లో పిల్లల్ని పదేళ్ల వయసుకే చేర్చుకుంటారు. నురేయెవ్ అక్కడికి 1955లో చేరేసరికి అతని వయసు 17. పక్కన నిలబడ్డ కుర్రాళ్లకు అప్పటికే ఏళ్ల తరబడి శిక్షణ ఉంది. ప్రవేశ పరీక్ష చూసిన ఉపాధ్యాయురాలు, నువ్వు గొప్ప నర్తకుడివైనా అవుతావు, ఎందుకూ పనికిరాకుండానైనా పోతావు, రెండోదే ఎక్కువ సాధ్యం అన్నారట. తన ఆత్మకథలో ఇది అతనే రాసుకున్నాడు.

మూడేళ్లలో ఆ లోటు పూడ్చి 1958లో లెనిన్‌గ్రాడ్‌లోని కిరోవ్ బాలే బృందంలో నేరుగా సోలోయిస్టుగా, అంటే ఒంటరి నాట్యాలు చేసే నర్తకుడిగా, చేరాడు. ఆ మూడేళ్లు ఎలా గడిచి ఉంటాయో నేర్పేవాళ్లకు తెలుస్తుంది. సినిమాలో అతను అందరూ వెళ్లిపోయాక కూడా ప్రాక్టీస్ హాల్లో ఉండటం, మొదట ఇచ్చిన టీచర్ వద్దని గొడవపడి అలెగ్జాండర్ పుష్కిన్ దగ్గరికి మారడం చూసి పొగరు అనుకున్నారు కదా. (ఈ పుష్కిన్ కవి కాదు, బాలే గురువు. ఆ పాత్ర ఫైన్స్ స్వయంగా రష్యన్‌లో మాట్లాడుతూ వేశారు.) నాకు అందులో కనిపించింది భయం. ఏడేళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చినవాడికి, తప్పు గురువు దగ్గర ఒక్క ఏడాది పోయినా తిరిగి రాదు.

నర్తకుడి ఆయుష్షు చాలా చిన్నది. గాయకులకు అరవైలో కూడా గొంతు పలుకుతుంది. రచయితకు వయసు అడ్డం కాదు. మగ బాలే నర్తకుడికి ముప్పై అయిదు దాటాక మోకాలో, మడమ నరమో, నడుమో లెక్క అప్పజెప్పడం మొదలుపెడుతుంది. 1961లో నురేయెవ్ వయసు 23. తన చేతిలో ఉన్నవి పన్నెండు, పదిహేను ఏళ్లని అతనికి తెలుసు. ‘ఈసారికి వెనక్కి వెళ్లిపోదాం, పరిస్థితి చల్లబడ్డాక మళ్లీ రావచ్చు’ అనుకునే వీలు ఎవరికైనా ఉంటుందేమో గానీ అతనికి లేదు.

ఇక ఎయిర్‌పోర్ట్. ఆ మే, జూన్ నెలల్లో కిరోవ్ బృందం పారిస్‌లో ప్రదర్శనలిచ్చింది. నురేయెవ్ ఊరంతా తిరిగాడు. ఫ్రెంచి నర్తకులతో భోజనాలు, అర్ధరాత్రి దాకా కబుర్లు, పొద్దున్నే మ్యూజియంలు. బయటివాళ్లతో కలవొద్దన్న ఆదేశాన్ని లెక్కచేయలేదు. బృందంతో పాటు వచ్చిన కేజీబీ (సోవియట్ రహస్య పోలీసు) మనుషులు అంతా రాసి పంపారు. జూన్ 16న లండన్ విమానం కోసం అందరూ లె బూర్జే విమానాశ్రయానికి వచ్చారు. అక్కడ అతన్ని పక్కకు పిలిచి, నువ్వు లండన్ రావడం లేదు, క్రెమ్లిన్‌లో ప్రదర్శన ఉంది, మాస్కో వెళ్లాలి అన్నారు. అమ్మకు ఒంట్లో బాగాలేదని కూడా చెప్పారు.

ఆ మాటల అర్థం అతనికి క్షణంలో తెలిసిపోయింది. ఇకపై విదేశీ పర్యటనలుండవు, మంచి పాత్రలుండవు, ఏదో దూరపు ఊళ్లో మరుగున పడిపోవడమే. తోటి నర్తకుల్లో కొందరు అక్కడే ఏడ్చేశారు. వాళ్లకూ అర్థమైంది.

అప్పుడు అతని పారిస్ స్నేహితురాలు క్లారా సెయింట్‌కు ఫోన్ వెళ్లింది. చిలీలో పుట్టిన, ఇరవై ఏళ్లు దాటీ దాటని అమ్మాయి. ఫ్రాన్స్ సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో కొడుకు విన్సెంట్‌ను పెళ్లి చేసుకోవాల్సింది. అంతకు కొన్ని వారాల ముందే కారు ప్రమాదంలో అతను చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉన్న పిల్ల పరుగున ఎయిర్‌పోర్టుకు వచ్చి, అక్కడి ఫ్రెంచి పోలీసులతో మాట్లాడింది. మేమై వెళ్లి పట్టుకురాలేం, అతనే మా దగ్గరికి వచ్చి అడగాలి అన్నారు వాళ్లు. ఆమె వీడ్కోలు ముద్దు పెడుతున్నట్టు దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెవిలో చెప్పింది. ఇవన్నీ సినిమాలో చూపించినవే, ఇవన్నీ జరిగినవే.

ఆ తర్వాతి ఘట్టం మీదే కథలు పుట్టాయి. నురేయెవ్ స్వాతంత్ర్యంలోకి దూకాడు అని పత్రికలు రాశాయి. తన ఆత్మకథలో అతను కూడా దాన్ని తన జీవితంలోకెల్లా పెద్ద గెంతులా వర్ణించుకున్నాడు. పక్కనే ఉన్న క్లారా మాత్రం తర్వాతి కాలంలో, దూకడం ఏమీ లేదు, లేచి కొన్ని అడుగులు నడిచాడంతే అని చెప్పింది. నేను క్లారా మాటే నమ్ముతాను. స్టేజి మీద గెంతడం అతనికి రోజువారీ పని. ఇద్దరు కాపలాదారుల మధ్యలోంచి లేచి ఆ కొన్ని అడుగులు నడవడానికే ధైర్యం కావాలి. కాపలావాళ్లు పట్టుకుని లాగారు, పోలీసులు ఇది ఫ్రాన్స్ అని అడ్డుపడ్డారు. తర్వాత చట్టం ప్రకారం, ఎవరి ఒత్తిడీ లేకుండా ఆలోచించుకోమని ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి తన విమానం వైపు, ఒకటి ఫ్రాన్స్ వైపు. సినిమా కోసం రాసినట్టుంటుంది గానీ, అదీ నిజమే.

కాబట్టి స్వార్థమా అంటే, తన విద్యను కాపాడుకోవడం స్వార్థమైతే అవును, స్వార్థమే. దేశం మీద కోపంతో వెళ్లాడా అంటే కాదు. సినిమా మొదట్లోనే అధికారి పుష్కిన్‌ను కూర్చోబెట్టి మీ శిష్యుడు ఎందుకు పారిపోయాడని అడిగితే, ఇది రాజకీయం కాదు, నాట్యం గురించి అన్నట్టు ఆయన చెప్తారు. ఆ ఒక్క జవాబు కోసమే ఈ సినిమా తీశారని నాకు అనిపిస్తుంది. ఆ సీన్‌లో ఫైన్స్ భుజాలు చూడండి. శిష్యుడు బతికాడన్న సంతోషం, ఇక కనిపించడన్న బాధ, ఎదురుగా అధికారి ఉన్నాడన్న జంకు, మూడూ ఆ వంగిన భుజాల్లోనే ఉన్నాయి. నేర్పే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టేమో, ప్రతిసారీ నాకు అక్కడే గొంతు పూడుకుపోతుంది.

మీ మూడో ప్రశ్నకు, ఆ పొగరు ఎక్కడిదో చూడాలి. నురేయెవ్ 1938 మార్చిలో రైల్లో పుట్టాడు. సైబీరియా మీదుగా భర్త దగ్గరికి వెళ్తున్న తల్లికి ఇర్కుట్స్క్ దగ్గర నడుస్తున్న బండిలోనే కాన్పు అయింది. తాతార్ ముస్లిం కుటుంబం. తండ్రి సైన్యంలో రాజకీయ అధికారి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇంటి పట్టున లేడు. ఉఫా ఊళ్లో ఒక్క గదిలో వేరే కుటుంబాలతో కలిసి కాపురం. కాళ్లకు చెప్పుల్లేక మొదటిరోజు తల్లి వీపు మీద మోసుకుని బడికి తీసుకెళ్లింది. ఒంటి మీద అక్క కోటు. తోటి పిల్లలు నవ్వారు. ఆ తల్లి ఫరీదా, ఒకే ఒక్క టికెట్‌తో పిల్లలందర్నీ వెంటేసుకుని, తోపులాటలో ఎలాగో ఉఫా థియేటర్‌లోకి దూరి ఒక బష్కీర్ బాలే చూపించింది. ఆ రాత్రే తనేం కావాలో తెలిసిపోయిందని అతను చెప్పుకునేవాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తండ్రి మాత్రం, డాక్టరో ఇంజినీరో కావాల్సిన మగపిల్లాడు డ్యాన్సు చేయడమేంటని కొట్టాడు. ఈ ముక్క మన ఇళ్లల్లో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పారిస్ రెస్టారెంట్ సీన్ గుర్తు చేసుకోండి. సర్వర్ తనను పల్లెటూరివాడిలా చూశాడని అనుమానించి, తనకు సాయం చేస్తున్న క్లారా మీదే అరుస్తాడు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ఉండాలి కూడా. అక్క కోటు వేసుకున్న ఆ పిల్లాడు ఇరవై మూడేళ్లకూ లోపలే కూర్చుని, ఎవరు నవ్వుతారా అని చుట్టూ చూస్తున్నాడు. అంత తిట్టించుకున్న క్లారాయే తర్వాత ఎయిర్‌పోర్టుకు పరిగెత్తుకొచ్చింది. మీరు అతన్ని ఇష్టపడకపోయినా నష్టం లేదు, ఆమెను మాత్రం మర్చిపోవద్దు. సినిమా అతని దురుసుతనాన్ని కడిగి శుభ్రం చేయలేదు. మన దగ్గర బయోపిక్ అంటే హీరోకి పాలాభిషేకం చేసినట్టు తీయడం అలవాటైపోయింది. ఇక్కడ అలా చేయకపోవడమే నాకు నచ్చింది.

ఇంకొక సంగతి మీరు గమనించి ఉండరు, మన తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. పారిస్‌లో పాలే గార్నియే థియేటర్లో అతను మొదట జనాన్ని ఊపేసింది ‘లా బయాదేర్’ అనే బాలేతో. మారియస్ పెటిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చిన నృత్యనాటకం అది. బయాదేర్ అంటే దేవదాసి. కథ జరిగేది భారతదేశంలో, అందులో రాజు గోల్కొండ రాజు. అవును, మన గోల్కొండే. నికియా అనే దేవదాసిని ప్రేమించిన సోలోర్ అనే వీరుడు, రాజు మాట కాదనలేక రాకుమారితో పెళ్లికి ఒప్పుకుంటాడు. నికియాను పాముకాటుతో చంపిస్తారు. నిజం చెప్పాలంటే ఆ గోల్కొండకూ మన కోటకూ, ఆ దేవదాసికీ మన ఆలయ నర్తకికీ పోలిక లేదు. పెటిపా భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. నాకు మొదట చూసినప్పుడు కోపమే వచ్చింది. ఆ తర్వాత మూడో అంకంలో ‘నీడల రాజ్యం’ వచ్చింది. నల్లమందు మత్తులో సోలోర్‌కు చనిపోయిన నికియా కనిపిస్తుంది, ఒక్కరు కాదు, తెల్లటి బట్టల్లో పదులకొద్దీ ఛాయలు, వాలు మీదుగా ఒకరి వెనక ఒకరు, ఒకే అడుగు వేస్తూ దిగుతూనే ఉంటారు. ఎంత సేపైనా ఆ వరస తెగదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

1961లో పారిస్ జనం చూసింది ఆ సోలోర్‌ను. అప్పటిదాకా బాలేలో మగవాడంటే అమ్మాయిని ఎత్తి పట్టుకునే స్తంభం అనుకునేవాళ్లు చాలామంది. నురేయెవ్ మునివేళ్ల మీద ఎత్తుగా లేచి, మెడ నుంచి మడమ దాకా ఒకే గీతలా సాగి, దూకే ముందు క్షణం ఆగి చూపించేవాడు. ఆలస్యంగా మొదలుపెట్టినవాడి టెక్నిక్‌లో లోపాలు ఉండేవని చూసినవాళ్లే రాశారు. కానీ అతను స్టేజి మీద ఉంటే వేరే ఎవరినీ చూడబుద్ధి కాదని కూడా వాళ్లే రాశారు.

సినిమాలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. కథ మూడు కాలాల్లో ముందుకీ వెనక్కీ తిరుగుతుంది: ఉఫా బాల్యం, లెనిన్‌గ్రాడ్ చదువు, పారిస్ వారాలు. బాల్యం రంగు తగ్గించి చూపించారు కాబట్టి అది తెలుస్తుంది గానీ, మిగతా రెండింట్లో నేను మొదటిసారి తికమకపడ్డాను. నాట్యం సీన్లు చాలా వరకు మధ్యలోనే తెగిపోతాయి. ఇవెంకో లాంటి అసలైన నర్తకుణ్ణి తీసుకుని ఒక్క వరసైనా పూర్తిగా చూపించకపోవడం నాకు బాధ కలిగించింది. బృందంలో అతని గదిలో ఉండే యూరీ సోలోవియెవ్ పాత్రకు సెర్గీ పొలూనిన్‌ను పెట్టారు. మన కాలపు గొప్ప నర్తకుల్లో ఒకడు. అతనికీ పని పెద్దగా లేదు. మగవాళ్లతో నురేయెవ్‌కున్న ప్రేమ సంబంధాన్ని కూడా అంటీ ముట్టనట్టు తేల్చేశారు. నిజ జీవితంలో అది పక్క విషయం కాదు. సోవియట్ దేశంలో అది జైలు శిక్ష పడే నేరం, అతని టెన్షన్‌లో అది పెద్ద భాగం.

అన్నిటికంటే పెద్ద వెలితి, సినిమా లె బూర్జే తోనే దాదాపు ఆగిపోవడం. అక్కడ ఆపడం కథకు బాగానే ఉంది. కానీ మీలాంటి చూపరికి, ‘హమ్మయ్య, బయటపడ్డాడు’ అన్న భావన మిగులుతుంది. లెక్క అక్కడే మొదలైంది. 1962లో లెనిన్‌గ్రాడ్‌లో అతను లేకుండానే విచారణ జరిపి ఏడేళ్ల శిక్ష వేశారు. పుష్కిన్ 1970లో పోయారు, శిష్యుణ్ణి మళ్లీ చూడలేదు. ఆయన మరో శిష్యుడు బరీష్నికోవ్ కూడా 1974లో కెనడాలో ఉండిపోయాడు, అది చూడటానికి ఆయన లేరు. ఉఫాలో తల్లితో ఫోన్ మాటలే. కొడుకును ఒక్కసారి చూడ్డానికి బయటికి రానివ్వమని చేసుకున్న విన్నపాలేవీ ఫలించలేదు. గోర్బచెవ్ వచ్చాక, 1987లో, అతనికి 48 గంటల అనుమతి దొరికింది. వెళ్లేసరికి ఫరీదా మంచాన పడి ఉంది, కొడుకును సరిగా గుర్తుపట్టే స్థితిలో లేదు. కొన్ని నెలలకే పోయింది. ఇరవై ఆరేళ్ల తర్వాత దొరికిన రెండు రోజులు అవి. స్వార్థం గురించి అడిగారు కదా, ఈ ఖర్చు కూడా కలిపి లెక్కేయండి.

ఇటువైపు వచ్చింది కూడా తక్కువేం కాదు. పారిపోయిన వారానికే పారిస్‌లో మరో బృందంతో స్టేజి ఎక్కాడు. 1962 ఫిబ్రవరిలో లండన్‌లో పేరున్న ఇంగ్లీషు నర్తకి మార్గో ఫాంటెయిన్‌తో ‘జిసెల్’ అనే బాలే చేశాడు. ఆమెకు అప్పుడు 42, ఇక ఆపేద్దామా అని చూస్తున్న దశ. ఈ కుర్రాడి పక్కన ఆమె నాట్యజీవితం మళ్లీ మొదలై ఏళ్ల తరబడి సాగింది. 1964లో వియన్నాలో ‘స్వాన్ లేక్’ అయ్యాక జనం చప్పట్లు ఆపక 89 సార్లు తెర ముందుకు రావాల్సి వచ్చింది. 1983 నుంచి 1989 దాకా పారిస్ ఒపెరా బాలేకు డైరెక్టర్‌గా ఉండి ఒక తరం నర్తకుల్ని తయారుచేశాడు.

చివరి రోజుల్లో ఎయిడ్స్‌తో శరీరం శిథిలమైపోతుండగా అతను చేతిలోకి తీసుకున్న పని మళ్లీ ‘లా బయాదేర్’. ఈసారి పూర్తి నాటకం. 1992 అక్టోబర్ 8న అదే పాలే గార్నియేలో మొదటి ప్రదర్శన జరిగింది. అయ్యాక ఇద్దరు పట్టుకుంటే స్టేజి మీదికి వచ్చి నిలబడ్డాడు. 1993 జనవరి 6న చనిపోయాడు.

మీరు బాలే కొత్త అన్నారు కాబట్టి ఒక పని చేయండి. అతను కూర్చిన ఆ ‘లా బయాదేర్’ను పారిస్ ఒపెరా వాళ్లు 1994లో రికార్డు చేశారు, ఇసబెల్ గెరాన్, లారాన్ ఇలేర్ ప్రధాన పాత్రల్లో. అంతా ఒకేసారి చూడక్కర్లేదు. మూడో అంకం పెట్టుకోండి, ఫోన్ పక్కన పెట్టి, ఛాయలు దిగడం మొదలయ్యాక చివరి అమ్మాయి కిందికి వచ్చేదాకా కదలకుండా చూడండి. తర్వాత సోలోర్ దూకేటప్పుడు అతని పైకి లేవడాన్ని కాదు, దిగిన పాదాన్ని చూడండి. చప్పుడు లేకుండా, మడమ చివరగా నేలకు తాకుతుంది. ఆ దిగడం నేర్చుకోవడానికి పదిహేడేళ్ల కుర్రాడికి ఎన్ని రాత్రులు పట్టి ఉంటాయో మనసులో పెట్టుకుని, సినిమాలో ఆ రెండు తలుపుల గది సీన్ మళ్లీ వేసుకోండి. చూశాక ఏమనిపించిందో ఇక్కడే రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.